మజ్జిగ కలపడం వచ్చిందా, రాలేదా? తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు సామర్థ్యాల లెక్కన నేర్పడం

'ఆరు నెలలుగా కొలతలు నేర్పుతున్నాం' అని రిపోర్టులో రాయడం తేలిక. ఆ ఆరు నెలల్లో పాప తనంతట తాను ఏం చేయగలుగుతోందో రాయమంటే మాత్రం కలం ఆగిపోతుంది. సామర్థ్యాల పద్ధతిలో రాయాల్సింది అదే. ఎన్నాళ్ళు పట్టినా ఫర్వాలేదు, వచ్చిందా లేదా అన్నది కళ్ళముందు కనిపించాలి. చెన్నైలో తెలుగు ఇళ్ళ పిల్లలకు నేర్పే టీచర్లకూ, తల్లిదండ్రులకూ పనికొచ్చే వివరాలు ఇవి.

ఎక్కడ మొదలుపెట్టాలి

చెక్‌లిస్టు కొత్తగా రాసుకోనక్కర్లేదు. మద్రాసులోనే పుట్టిన ఎం.డి.పి.ఎస్. (మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టం) అనే చెక్‌లిస్టులో 18 విభాగాలు, ఒక్కోదానికి 20 చొప్పున 360 అంశాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన ఎఫ్.ఎ.సి.పి. (ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ ఫర్ ప్రోగ్రామింగ్) కూడా స్పెషల్ స్కూళ్ళకు పరిచయమే. ఒకటికి మించి వైకల్యాలుంటే చెన్నై దగ్గర ముట్టుకాడులోని బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఎం.డి.లో అసెస్‌మెంట్ చేయించవచ్చు. చెక్‌లిస్టులో 'రాదు' అని తేలినవన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ రాదు. టర్ముకి మూడు చాలు: అడగడానికి ఒకటి, సొంత పనికి ఒకటి, క్లాసు పాఠంతో కలిసేది ఒకటి.

నేర్పే ముందు మూడు వేర్వేరు రోజులు సాయం చేయకుండా, మెచ్చుకోకుండా చూసి రాసుకోండి. 'చేయలేదు', 'ఎప్పుడూ చేయనివ్వలేదు' అన్నవి వేర్వేరు గళ్ళలో ఉండాలి. పద్నాలుగేళ్ళ పిల్ల పెరుగన్నం కలుపుకోలేకపోతే లోపం చేతుల్లోనే ఉందనుకోకండి. అమ్మమ్మ ఇంకా ముద్దలు కలిపి పెడుతుండవచ్చు.

సామర్థ్యాన్ని రాసే తీరు

'మజ్జిగ చేయడం తెలుసు' అంటే కొలవలేం. ఇలా రాయండి: 'సామాన్లు బల్ల మీద ఉంటే, బొమ్మల పట్టీ చూసుకుంటూ, మనిషి సాయం లేకుండా మజ్జిగ కలుపుతుంది. 5 సార్లలో 4 సార్లు. బడిలోనూ ఇంట్లోనూ, ఇద్దరు వేర్వేరు మనుషుల ముందు.' బొమ్మల పట్టీ (పని మెట్లను వరసగా బొమ్మల్లో చూపేది), లావు పిడి చెంచా, మాట్లాడే యాప్ లాంటివి పాప సొంత పనిముట్లు, కళ్ళద్దాల లాంటివి. వాటిని తీసేసి పరీక్షించడం తప్పు. తగ్గించాల్సింది మనిషి సాయం.

ఇక మజ్జిగ పనిలో మెట్లు. గిన్నె కింద తడిగుడ్డ పరవాలి, లేకపోతే ఒంటిచేత్తో తిప్పే పిల్ల దగ్గర గిన్నె జారుతుంది. గీత గీసిన గ్లాసుతో ఒక కొలత పెరుగు, రెండు కొలతల నీళ్ళు, అర చెంచా ఉప్పు. కవ్వంతో ఇరవైసార్లు తిప్పడం. గరిటెతో గ్లాసులో పోసుకుని తాగడం. నేర్పడం చివరి మెట్టు నుంచి మొదలవ్వాలి. మిగతావన్నీ మీరు చేసి, పోసుకుని తాగడం పాపకు వదలండి. పని పూర్తయిన తృప్తి, మజ్జిగ రుచి వెంటనే దక్కుతాయి. అది కుదిరాక కవ్వం, ఆ తర్వాత ఉప్పు, అలా వెనక్కి నడవాలి. ఒక మెట్టు దగ్గరే ఆగిపోతే దాన్ని రెండుగా విడగొట్టండి. గరిటె ముంచడం ఒకటి, గ్లాసులో వంచడం ఇంకొకటి.

చేతి సాయం మొదట అరచేతి మీద, తర్వాత మణికట్టు, ఆపై మోచేయి, చివరికి వేలితో చూపడం. మాట సాయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ మానడం చాలా కష్టం. 'పొయ్యి, పొయ్యమ్మా, పొయ్యి' అంటూ ఉంటే పిల్లకు ఆ మాటే మొదటి మెట్టయి కూర్చుంటుంది. ఒకసారి చెప్పి మనసులో పది లెక్కపెట్టండి, సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక మీద అదుపు సరిగ్గా లేని స్థితి) ఉంటే ఇరవై. కదలిక మొదలవుతున్న క్షణంలో మళ్ళీ చెప్పారంటే, ఆ ప్రయత్నం అక్కడే చెదిరిపోతుంది.

ఒక్క కాగితం చాలు

రోజులో మొదటి ప్రయత్నమే రాయండి. తర్వాతివి నేర్పడానికి. గుర్తులు: 'సొ' సొంతంగా, 'సై' సైగతో, 'మా' మాటతో, 'చే' చేతితో. గ్లాసు నిండినా మీ చెయ్యి మణికట్టు మీద ఉంటే అది 'చే' మాత్రమే. రిపోర్టులు అబద్ధమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఫిట్స్ వచ్చిన రోజు, మందు మారిన వారం పక్కన రాసుకోండి, వాటిని వైఫల్యం కింద వేయకండి. 'సొ' కాకుండా వరసగా ఐదు రోజులు ఒకే గుర్తు పడితే తప్పు పద్ధతిలో వెతకాలి. కూర్చునే తీరు, బల్ల ఎత్తు, మెట్టు పరిమాణం చూడండి. అసలు ఆ పిల్లకు మజ్జిగ ఇష్టమేనా?

క్లాసులో మిగతావాళ్ళు లీటర్లు, మిల్లీలీటర్లు రాస్తున్నప్పుడు ఈ పాప 'ఎక్కువ', 'తక్కువ' ఉన్న గ్లాసును చూపుతో చెప్పవచ్చు. ఇద్దరికీ పాఠం కొలతలే. రెండు కార్డుల్లో ఒకటి ఎంచుకోమంటే పదికి ఐదు ఊరికే గుడ్డిగా చూపినా వస్తాయి. అందుకని మూడు కార్డులు పెట్టండి, ప్రతిసారీ చోటు మార్చండి. కొందరు పిల్లలు ఎప్పుడూ కుడివైపుదే చూస్తారు.

రెండు భాషల చిక్కు

ఇంట్లో 'నీళ్ళు', బళ్ళో 'తణ్ణి', థెరపిస్టు దగ్గర 'వాటర్'. ఒకే బొమ్మ, మూడు మాటలూ సరే. ఏ మాటకు స్పందించినా వచ్చినట్టే లెక్క. బొమ్మ మాత్రం మార్చకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ రెండో, మూడో భాషల చదువు నుంచి మినహాయింపు గురించి చెబుతుంది. పరీక్షకు దాన్ని అడగండి. కానీ 'వలి', 'పోదుం', 'వేండాం' మాత్రం నేర్పి తీరాలి. నొప్పి, చాలు, వద్దు అనేవి ఆయాకూ బస్సులో పక్క సీటు మనిషికీ తమిళంలోనే అర్థమవుతాయి.

బళ్ళో వచ్చింది ఇంట్లో రాకపోవడం మామూలే. కవ్వం వేరు, గట్టు ఎత్తు వేరు. బొమ్మల పట్టీకి రెండో కాపీ తీసి వంటింట్లో అంటించమనండి. వారానికి రెండుసార్లు చాలు, అమ్మ రాసే గుర్తులు కూడా అవే ఉండాలి. వేసవి సెలవుల తర్వాత మొదటి వారం కొత్తది ఎత్తుకోకుండా పాతవన్నీ సాయం లేకుండా ఒకసారి చూడండి. పోయినవాటిని చివర ఎక్కడ వదిలారో ఆ మెట్టు నుంచే మళ్ళీ పట్టుకోండి.