సెయింట్ ఆగస్టీన్‌ను ఎలా చూడాలి? ఫ్లోరిడాలోని పాత స్పానిష్ పట్టణానికి వెళ్లేవారి కోసం

ఫ్లోరిడా ఈశాన్య తీరంలోని సెయింట్ ఆగస్టీన్ పట్టణాన్ని 1565 సెప్టెంబరులో స్పెయిన్ నౌకాదళాధిపతి పేద్రో మెనెండెస్ స్థాపించాడు. నేటి అమెరికా ప్రధాన భూభాగంలో యూరోపియన్లు స్థాపించి, నాటి నుంచి నేటి వరకు జనవాసం తెగకుండా సాగుతున్న ఊళ్లలో ఇదే అతి పాతది. అయితే అక్కడికి వెళ్లేవారు ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. 1565 నాటి ఊరు ఈరోజు కంటికి కనిపించదు. 1586లో ఆంగ్ల నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్, 1702లో ఉత్తరాన ఉన్న ఆంగ్ల వలస కరోలైనా నుంచి దండెత్తిన ఆంగ్లేయులు ఈ ఊరిని తగలబెట్టారు. ఆ రెండో దహనంలో ఊరు చాలావరకు కాలిపోయినా రాతికోట మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి ప్రతి కట్టడం ముందు ఆగి, ఇది ఎవరి కాలానిదని అడుగుతూ నడిచినప్పుడే ఈ ఊరు అర్థమవుతుంది.

బయలుదేరే ముందు

జాక్సన్‌విల్ నుంచి కారులో సుమారు గంట, ఓర్లాండో నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. కనీసం ఒక పూర్తి రోజు కేటాయించాలి. వేసవిలో ఎండ, ఉక్కపోత, మధ్యాహ్నపు ఉరుముల వాన తప్పవు. జూన్ నుంచి నవంబరు వరకు తుపాన్ల కాలం కూడా. మార్చి, ఏప్రిల్ నెలలు హాయిగా ఉంటాయి. నవంబరు మధ్య నుంచి జనవరి వరకు ఊరంతా దీపాలతో అలంకరిస్తారు. ఆ రోజుల్లో, ముఖ్యంగా వారాంతాల్లో, రద్దీ చాలా ఎక్కువ. పాత వీధులు ఇరుకైనవి కనుక, పర్యాటక సమాచార కేంద్రం పక్కనున్న బహుళ అంతస్తుల పార్కింగులో కారు నిలిపి, మిగిలినదంతా నడిచే చూడటం మేలు.

ఉదయం కోటతో మొదలుపెట్టండి

కాస్టీయో డి శాన్ మార్కోస్ అనే ఈ కోట నిర్మాణం 1672లో మొదలై 1695లో పూర్తయింది. నాలుగు మూలల నాలుగు బురుజులున్న దీన్ని, అఖాతానికి అవతల ఉన్న అనస్తాసియా ద్వీపం నుంచి తెచ్చిన కోకీనా రాతితో కట్టారు. చిన్న చిన్న సముద్రపు గవ్వలు, చిప్పలు వేల ఏళ్లలో ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన మెత్తని రాయి అది. గట్టి రాయి ఫిరంగి గుండు తగిలితే పగులుతుంది. లోపలంతా సన్నని ఖాళీలున్న కోకీనా మాత్రం ఆ దెబ్బను ఇముడ్చుకుని, గుండును తనలో దిగబడనిస్తుంది. 1702 ముట్టడిలో సుమారు 1,500 మంది ఈ గోడల మధ్య 50 రోజులకు పైగా తలదాచుకున్నారు. బయట వారి ఇళ్లు కాలిపోయినా కోట మాత్రం లొంగలేదు. 1740లో ఆంగ్ల వలస జార్జియా నుంచి దాని నాయకుడు ఓగిల్‌తోర్ప్ వెంట వచ్చిన దళాలు కూడా దీన్ని పట్టుకోలేకపోయాయి. ఈ గోడలను దగ్గరగా చూడండి, గవ్వలు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ రాయి సులువుగా అరిగిపోతుంది కాబట్టి గోడలపైకి ఎక్కడం, కూర్చోవడం చేయకూడదు, పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

ఉదయం తలుపులు తెరిచే వేళకే చేరుకుంటే ఎండ ముదరకముందే పైభాగం చూడవచ్చు. పదిహేనేళ్లు, అంతకు లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. జాతీయ ఉద్యానవనాల వార్షిక పాస్ ఇక్కడ చెల్లుతుంది. కింది గదులను హడావిడిగా దాటకండి. 1837లో ఫ్లోరిడా ఆదివాసులైన సెమినోల్‌ల నాయకుడు ఒసియోలాను, 1875 నుంచి 1878 వరకు పశ్చిమ మైదానాల ఆదివాసులను అమెరికా సైన్యం ఇదే కోటలో బంధించింది. నా దృష్టిలో ఈ చరిత్ర ముట్టడి కథల కన్నా తక్కువ ముఖ్యమైనది కాదు.

నగర ద్వారం నుంచి ప్లాజా వరకు

కోట నుంచి రోడ్డు దాటగానే 1808 నాటి రెండు కోకీనా స్తంభాల నగర ద్వారం వస్తుంది. అక్కడి నుంచి వాహనాలు తిరగని సెయింట్ జార్జ్ వీధి మొదలవుతుంది. ఇక్కడి ఇళ్లలో చాలావరకు 1960ల తర్వాత పాత పద్ధతిలో తిరిగి కట్టినవే. అలాగని వాటిని తీసిపారేయనక్కరలేదు, ఎందుకంటే అవి నాటి ఇంటి తీరును చూపిస్తాయి. వీధిపైకి పొడుచుకొచ్చిన చెక్క బాల్కనీ, చెక్క కడ్డీల కిటికీ, వీధి వైపు కాక పక్క ప్రాంగణం గుండా ఉండే ప్రవేశం స్పానిష్ ఇంటి గుర్తులు. గాజు కిటికీలు, పొగగొట్టాలు ఎక్కువగా 1763 నుంచి 1784 వరకు సాగిన బ్రిటిష్ పాలనలో చేరాయి.

దారిలో దాతిల్ మిరపకాయతో చేసిన పచ్చళ్లు, సాస్‌లు అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. మన గుంటూరు మిరప కన్నా ఇది ఎంతో ఘాటైనది కాబట్టి కొద్దిగా రుచి చూసి కొనుక్కోండి. ఈ మిరప వంటకు పేరు తెచ్చినవారు 1777లో ఇక్కడికి ఆశ్రయం కోసం వచ్చిన మినోర్కా ద్వీపవాసుల వారసులు. వారి పేరుమోసిన సూప్‌లో ఆల్చిప్పల మాంసం ఉంటుంది, శాకాహారులు గమనించాలి.

వీధి చివర ఉన్న ప్లాజాను, అంటే ఊరి మధ్య బహిరంగ స్థలాన్ని, 1598లో స్పానిష్ రాజాజ్ఞల ప్రకారం తీర్చారు. 1812 నాటి స్పెయిన్ రాజ్యాంగం పేరిట నిలిపిన స్తంభం అక్కడ నేటికీ ఉంది. బానిసలను అమ్మిన మార్కెట్ మండపమూ అక్కడే ఉంది. 1964లో పౌరహక్కుల ఉద్యమకారులు రాత్రివేళ ఊరేగింపుగా నడిచి వచ్చింది ఈ చోటికే. ఆ ఊరేగింపులో ఉద్యమ నాయకుల్లో ఒకరైన ఆండ్రూ యంగ్ దెబ్బలు తిన్నాడు.

ప్లాజాకు దక్షిణాన అవిలేస్ వీధి మీదుగా సెయింట్ ఫ్రాన్సిస్ వీధికి వెళితే గొన్సాలెస్-అల్వారెస్ ఇల్లు వస్తుంది. కింద స్పానిష్ కాలపు కోకీనా గోడలు, పైన బ్రిటిష్ కాలపు చెక్క అంతస్తు ఒకే ఇంట్లో కనిపిస్తాయి. ప్లాజాకు పడమటి వైపున్న ఫ్లాగ్లర్ కళాశాల భవనం మాత్రం 1888లో విలాసవంతమైన హోటల్‌గా తెరిచినది. దాని స్పానిష్ శైలిని చూసి వలస కాలపుదని పొరబడవద్దు.

రెండో రోజు ఉంటే

ఉత్తరాన ఫోర్ట్ మోసే ఉంది. ఆంగ్ల వలసల నుంచి పారిపోయి వచ్చిన ఆఫ్రికన్ బానిసలకు స్పెయిన్ స్వేచ్ఛనిచ్చి 1738లో నెలకొల్పిన ఊరిది. దక్షిణాన సుమారు 15 మైళ్ల దూరంలో, 1742లో పూర్తయిన చిన్న మతాన్సాస్ కోట ఉంది. 1565లో మెనెండెస్ సైనికులు రెండు వందల మందికి పైగా ఫ్రెంచివారిని చంపింది ఆ తీరంలోనే. కోటకు ఉచిత పడవ తీసుకెళుతుంది. ముందు వచ్చినవారికే చోటు దొరుకుతుంది, వాతావరణం బాగోకపోతే పడవ నడవదు. కాబట్టి ఆనాటి పడవ వేళలు ఉదయమే చూసుకుని, మొదటి పడవకు వెళ్లండి.