కృపావరాలు – మూడో పాఠం: నా వరం ఏదో ఎలా గుర్తించాలి?

కృపావరాలంటే సంఘం మేలు కోసం పరిశుద్ధాత్మ విశ్వాసులకు ఇచ్చే సామర్థ్యాలు. గత పాఠంలో రోమా 12, మొదటి కొరింథీ 12, ఎఫెసీ 4 అధ్యాయాల్లోని వరాల జాబితాలు పక్కపక్కన రాసుకున్నారు కదా. ఇవి బైబిల్లో అపొస్తలుడైన పౌలు సంఘాలకు రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలు. మూడూ ఒకదానితో ఒకటి సరిపోవు. భాషలు (నేర్చుకోని భాషల్లో మాట్లాడే వరం), స్వస్థతలు కొరింథీ పత్రికలో ఉన్నాయి, రోమా పత్రికలో లేవు. పంచిపెట్టడం, కరుణించడం రోమాలో కనిపిస్తాయి. కాబట్టి మీ వరం ఫలానా పేరుతోనే ఉండాలని పట్టుబట్టకండి.

ఇక అసలు ప్రశ్న. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు కొందరు ఆన్‌లైన్‌లో వరాల పరీక్ష రాసి, 'నాకు బోధించే వరం అని వచ్చింది అన్నా' అంటారు. అనుకున్నది రాకపోతే టెన్షన్ పడతారు. అలాంటి ప్రశ్నపత్రం వల్ల మన ఇష్టాలు తెలుస్తాయేమో. వరం బయటపడేది మాత్రం ఎదుటివారి అవసరం దగ్గర. ఆత్మ ప్రత్యక్షత ప్రతి ఒక్కరికీ 'అందరి ప్రయోజనము కొరకు' ఇవ్వబడుతోందని పౌలు రాశాడు (1 కొరింథీ 12:7).

కొరింథు సంఘాన్నే చూడండి. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసులో ఉండి పౌలు వాళ్లకు ఈ పత్రిక రాశాడు. ఏ కృపావరంలోనూ వాళ్లకు లోటు లేదని మొదటి అధ్యాయంలోనే ఒప్పుకున్నాడు. అదే సంఘంలో వర్గాలున్నాయి, కోర్టు గొడవలున్నాయి. ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే రొట్టె, ద్రాక్షారసాల విందులో, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడు. ఇన్ని వరాలున్నవాళ్లనే మూడో అధ్యాయంలో 'పసిబిడ్డలు' అన్నాడు. ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. వరం ఉన్నంత మాత్రాన మనిషి ఎదిగినట్టు కాదు. ఎదుగుదలకు గుర్తు గలతీ 5లోని ఆత్మఫలం, అంటే ప్రేమ, సంతోషం, సమాధానం లాంటి గుణాలు. స్టేజీ మీద బాగా ప్రార్థించేవాళ్లను చూసి నాకేమీ లేదని బాధపడే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి.

ఇప్పుడు అభ్యాసం. మీ సంఘం మారతహళ్లిలో అద్దె హాల్లో కూడుకోవచ్చు, వైట్‌ఫీల్డ్‌లో ఎవరింట్లోనో కూడుకోవచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే వెళ్లిపోకుండా చుట్టూ చూడండి. కడప నుంచి కొత్తగా వచ్చి, పీజీలో తిండి పడక నీరసించిన అబ్బాయి ఉండొచ్చు. ప్రసంగం అర్థంకాక ఊరికే కూర్చున్న కన్నడ స్నేహితురాలు ఉండొచ్చు. మీ కన్ను మొదట ఎవరి మీద పడిందో రాసుకోండి. ఆ అవసరంలోనే కొన్ని వారాలు సేవ చేయండి. భోజనం వడ్డించడం చిన్న పని అనుకోకండి. అపొస్తలుల కార్యాలు 6లో విధవరాండ్రకు ఆహారం పంచే పనికి ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని ఏర్పరచుకున్నారు.

తర్వాత, మీవల్ల మేలు పొందినవాళ్లను, సంఘ పెద్దలను అడగండి. పౌలు యువ సహపనివాడైన తిమోతి కూడా తన వరాన్ని ఒంటరిగా కూర్చుని తేల్చుకోలేదు. ప్రవచనం ద్వారా, పెద్దలు చేతులుంచగా అది అతనికి అనుగ్రహించబడిందని పౌలు గుర్తుచేశాడు (1 తిమోతి 4:14).

ఒక హెచ్చరిక కూడా. మీ ఉద్యోగం గురించో పెళ్లి గురించో ఎవరైనా ప్రవచనం చెబితే భయపడి తలూపకండి. ప్రవక్తలు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వివేచించాలని వాక్యమే చెబుతోంది (1 కొరింథీ 14:29). ప్రార్థనకు రేటు పెట్టేవాళ్ల దగ్గరికైతే అసలు వెళ్లకండి. డబ్బిచ్చి వరం కొనబోయిన గారడీ సీమోనును అపొస్తలుడైన పేతురు ఎంత కఠినంగా గద్దించాడో కార్యాలు 8లో చదవండి. భాషలు, స్వస్థతలు నేటికీ ఉన్నాయా అన్న విషయంలో సంఘాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. దానికి ఐదో పాఠం కేటాయించాను.

వచ్చే పాఠానికి మొదటి కొరింథీ 13 చదివి రండి. వరాల గురించిన 12, 14 అధ్యాయాల మధ్య ప్రేమ అధ్యాయాన్ని పౌలు ఎందుకు పెట్టాడో మీ మాటల్లో ఒక పేరా రాసుకోండి.