టీవీలోనే డీవీడీ ప్లేయరా, విడిగానా? మొరాయించినప్పుడు తెలుస్తుంది తేడా

సమస్య: టీవీ బాగానే వస్తోంది, డిస్క్ పెడితే మాత్రం 'నో డిస్క్' అంటోంది

ముందు డిస్కునే అనుమానించండి. లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే వేలిముద్రలు కనిపిస్తాయి. మెత్తటి పొడి గుడ్డతో మధ్య రంధ్రం దగ్గర్నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగుతుంది, అలాంటి గీతతో ప్లేయర్ ఎక్కువ తంటాలు పడుతుంది. అది బ్లూ-రే డిస్క్ కాదు కదా, అదీ చూసుకోండి. డీవీడీ చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, బ్లూ-రేకి 405 కావాలి, ఎంత తుడిచినా ఆడదు.

నాలుగైదు మంచి డిస్కులు కూడా ఆడకపోతే లెన్స్ మీద దుమ్ము పట్టిందో, లేజర్ నీరసించిందో అయ్యుంటుంది. మోటారు, కదిలే లెన్స్ ఉన్న భాగం కాబట్టి సాధారణంగా స్క్రీన్ కంటే ముందు అదే అరుగుతుంది. విడి ప్లేయరైతే దాన్నొక్కదాన్నే మార్చేస్తాం. కాంబో (టీవీలోనే ప్లేయర్ కలిసి ఉన్నది) అయితే రిపేరుకు టీవీ మొత్తం మోసుకెళ్లాలి. అయితే చాలామందికి తట్టని సంగతొకటుంది: డిస్క్ భాగం చచ్చిపోయినా ఆ టీవీ మామూలు టీవీయే, వెనక ఖాళీ పోర్టుకు విడి ప్లేయర్ తగిలించి హాయిగా వాడుకోవచ్చు.

సమస్య: డిస్క్ లోపలే ఇరుక్కుపోయింది

ప్లగ్ తీసి రెండు నిమిషాలాగి, మళ్లీ పెట్టి ఎజెక్ట్ నొక్కి పట్టుకోండి. స్కేలూ పట్టకారూ దూర్చకండి, వెనక మూత అసలే విప్పకండి, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. మా ఇంట్లో పిల్లాడు 8 సెంటీమీటర్ల బుల్లి డిస్క్‌ని కాంబో టీవీ సందులోకి తోసేశాడు. అలాంటి సందులు చాలావరకు 12 సెంటీమీటర్ల డిస్కుకే చేసినవి. ఆ ఒక్క డిస్క్ బయటికి రావడానికి టీవీ రెండు వారాలు షాపులో కూర్చుంది, మేం గోడ చూస్తూ కూర్చున్నాం.

సమస్య: విడి ప్లేయర్ పెట్టాక బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది

కంగారు పడొద్దు. పసుపు పిన్ను ఆకుపచ్చ రంధ్రంలోకి వెళ్లి ఉంటుంది. కొన్ని టీవీల్లో రెండింటికీ ఒకటే రంధ్రం, అప్పుడు మెనూలో ఇన్‌పుట్‌ను 'ఏవీ' (AV)కి మార్చాలి. కాంబోలో ఈ వైర్ల గోలే లేదు, దాని అసలు సుఖం అదే.

సమస్య: పెద్ద టీవీలో డీవీడీ మసకగా ఉంది

ఇది రిపేరు కాదు. డీవీడీలో ఉండేది 480 లేదా 576 గీతలే, 1080 గీతల స్క్రీన్‌కి సాగదీస్తే అలాగే ఉంటుంది. పసుపు వైరు వాడుతుంటే హెచ్‌డీఎంఐకి మారితే కొంత నయం.

కొత్తగా కొనేవాళ్లకు నా ఓటు విడి ప్లేయర్‌కే. చిన్న గది, ఒకటే ప్లగ్గు, పెద్దవాళ్లకు ఒకటే రిమోట్ చాలనుకుంటే కాంబో తప్పేమీ కాదు, కాకపోతే వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూశాకే డబ్బులివ్వండి.