ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతో పాటే

నేను పలాసలో డయాలసిస్ నర్సుని. ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నెల రిపోర్టు చేతికందగానే క్రియాటినిన్ చూస్తారు, హిమోగ్లోబిన్ చూస్తారు. ఫాస్ఫరస్ ఎంతుందో అడిగేవాళ్లు తక్కువ. దయచేసి అది అడగండి.

మామూలుగా అది డెసిలీటరు రక్తంలో 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఉంటుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు 5.5 దాటకుండా డాక్టర్లు చూస్తారు. కిడ్నీ బయటికి పంపలేని ఫాస్ఫరస్ రక్తంలో పెరిగితే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. ఆ రెండూ రక్తనాళాల గోడల్లో పేరుకుంటాయి. గోడలోని కండర కణాలే ఎముక కణాల్లా మారిపోతాయి. ఎక్స్‌రేలో ధమని తెల్లటి గీతలా కనబడుతుంది. అలా గట్టిపడ్డాక మళ్లీ మునుపటిలా చేసే మందు లేదు, అందుకే ముందునుంచే జాగ్రత్త.

సెవెలమర్, కాల్షియం ఎసిటేట్ లాంటి మాత్రలు కడుపులో అన్నంతో కలిసి, అందులోని ఫాస్ఫరస్‌ను పట్టుకుంటాయి. తిన్న గంటకు వేసుకుంటే వృథా. ఆ పూట తినకపోతే ఆ మాత్ర అక్కర్లేదు. మా దగ్గరికొచ్చే ఒక పెద్దావిడ మాత్రను రేకుతో సహా కత్తిరించి కొంగున ముడేసుకుంటుంది. పెళ్లిభోజనానికి వెళ్లినా విస్తరి ముందు కూర్చుని ముడి విప్పుతుంది. నేను అందరికీ ఆవిడనే చూపిస్తాను. మోకాళ్ల నొప్పులని మందుల షాపులో కాల్షియం బిళ్లలు మాత్రం సొంతంగా కొనొద్దు.

తిండిలో ముళ్లతో నమిలే ఎండుచేపలు, మన జీడిపప్పు తగ్గించండి. పప్పుకు భయపడి మానేయకండి, అందులోని ఫాస్ఫరస్ అంతా ఒంటికి పట్టదు, పైగా మీకు మాంసకృత్తులు కావాలి. ప్యాకెట్లలో కలిపేది దాదాపు మొత్తం పడుతుంది. కవరు వెనక ఐఎన్‌ఎస్ (కలిపిన పదార్థానికి ఇచ్చే నంబరు) 338 నుంచి 341, 450 నుంచి 452 అంకెలుంటే వదిలేయండి. నల్ల కూల్‌డ్రింకులో ఉండేది 338. వారానికి మూడుసార్లు మిషనెక్కినా వారమంతా తిన్న ఫాస్ఫరస్ పూర్తిగా పోదు, ఒక్కసారి మానేస్తే ఇంకా మిగిలిపోతుంది.

స్నానం చేసేటప్పుడు తొడలు, పొట్ట, పిరుదులు చూసుకోండి. ఊదారంగు మచ్చలు, చర్మం కింద గట్టి గడ్డలు, చెయ్యి తగిలితే ఓర్చుకోలేని నొప్పి ఉంటే అక్కడి సన్నని నాళాలు మూసుకుపోతున్నాయేమో అనుమానించాలి. అవి నల్లబడి పుండ్లయితే ప్రాణం మీదికొస్తుంది. పసుపు, ఆయింట్‌మెంటు రాసి ఎదురుచూడకండి. అమ్మా, తొడ చూపించడానికి సిగ్గుపడొద్దు, ఆడ నర్సుని పిలిచి ఆరోజే చూపించండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి. ఆపాలో వద్దో డాక్టరు చెప్పాలి, మీరే ఆపేయకండి.