బైకులో మినరల్ ఆయిల్ తీసి సింథటిక్ పోసే ముందు జాగ్రత్తలు

ముందు కొత్త ఆయిల్ డబ్బా వెనక చూడండి. గేర్ల బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతాయి. కాబట్టి డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అంటే గేర్లు లేని స్కూటర్లకు. కారు ఆయిల్ ఎంత ఖరీదైనదైనా వద్దు. ఇంధనం ఆదా కోసం రాపిడి తగ్గించే రసాయనాలు కలిపిన రకమైతే క్లచ్ జారుతుంది: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు.

గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం చెప్పే గుర్తు) మాత్రం మార్చకండి. మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 ఉంటే సింథటిక్‌లోనూ అదే.

పాత బండైతే గ్యాస్కెట్ (ఇంజన్ భాగాల అతుకుల మధ్య పెట్టే పొర) అంచులు, గేర్ రాడ్ సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) పొడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు నడిపి మళ్లీ చూడండి. జిడ్డు కనిపిస్తే ముందు సీల్ మార్పించండి. తర్వాత ఆయిల్ కారితే సింథటిక్‌ని తిడతాం గానీ, చాలాసార్లు లోపం అప్పటికే గట్టిపడ్డ సీల్‌ది.

డీజిల్, కిరోసిన్ పోసి ఇంజన్ కడగనివ్వకండి. అడుగున మిగిలింది కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. పాత మినరల్ ఆయిల్ కాస్త మిగిలినా ఫర్వాలేదు, రెండూ కలుస్తాయి. ఇంజన్ కాస్త వేడెక్కాక దించితే చాలు.

కొత్త ఫిల్టర్, డ్రెయిన్ బోల్ట్ వాషర్ ముందే కొనుక్కోండి.

ఎంత ఆయిల్ పోయాలో మాన్యువల్‌లో సాధారణంగా రెండు కొలతలుంటాయి. ఇంజన్ విప్పి బిగించినప్పటిది కాదు, ఆయిల్ మార్చినప్పటిది చూడాలి. ఓ 100 మి.లీ. తక్కువ పోసి, కాసేపు ఇంజన్ నడిపి ఆపండి. రెండు మూడు నిమిషాలు ఆగి, బండి నిటారుగా ఉంచి మట్టం చూసి మిగతాది నింపండి.