బ్యాలే బార్ వదిలితే తూలుతున్నారా? నెమ్మది సాధనలో బయటపడే తప్పులు, వాటి సవరణ

వారానికోసారి హైదరాబాద్ పోయి బ్యాలే నేర్చుకుని, మిగతా రోజులు పాలమూరులోనో నల్లగొండలోనో ఇంట్లో బార్‌కు (బ్యాలే సాధనలో ఆనుకునే అడ్డకమ్మీ) బదులు కిటికీ ఊచ పట్టుకుని సాధన చేసేవాళ్ల కోసం ఇది. వేగంగా చేస్తే ఊపులో కొట్టుకుపోయే తప్పులు నాలుగు లెక్కలకు దిగి నాలుగు లెక్కలకు లేస్తే దాక్కోలేవు.

ప్లియేలో (మోకాళ్లు వంచి దిగి లేవడం) మోకాళ్లు ముందుకు వస్తున్నాయి, లోపలివైపు నొప్పి

ఎక్కువగా కనిపించేది ఇదే. పాదాలను బలవంతంగా అడ్డంగా తిప్పి నిలబడతారు. తుంటి మాత్రం అంత తిరగదు. తక్కువైన మెలికంతా మోకాలు, చీలమండ మీద పడుతుంది, పాదం లోపలికి ఒరుగుతుంది.

ఇంట్లో షాబాద్ బండలుంటే ఒక పరీక్ష చేయండి. తడి పాదాలతో మామూలుగా నిలబడి ముద్ర చూడండి. తర్వాత బార్ పట్టుకుని ఫస్ట్ పొజిషన్‌లో (మడమలు కలిపి, వేళ్లు పక్కలకు తిప్పి) ప్లియే చేసి, పక్కకు జరిగి మళ్లీ చూడండి. మొదటిసారి కనిపించిన వంపు రెండోసారి పూడిపోతే పాదం ఒరుగుతున్నట్టే. చూశాక నేల తుడవండి, తడి బండ మీద సాధన వద్దు.

సవరణ: మడమలు కలిపి, మోకాళ్లు నిటారుగా పెట్టి, పాదాల ముందుభాగం కొంచెం లేపి, తుంటి నుంచే కాళ్లను బయటికి తిప్పండి. ఎక్కడ ఆగితే అదే మీ టర్న్‌అవుట్. తక్కువగా కనిపించినా ఫర్వాలేదు. దిగేటప్పుడు మోకాలు రెండో వేలి మీదుగా పోవాలి, డెమీ ప్లియేలో (సగం వరకే దిగడం) మడమ లేవకూడదు. కూచిపూడి నుంచి వచ్చినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: అరమండిలో కూర్చుని ఆగుతాం, ప్లియేలో అడుగున ఆగం. దిగడం పూర్తికాగానే లేవడం మొదలవ్వాలి.

నొప్పి తగ్గకపోయినా, వాపు వచ్చినా సాధన ఆపి డాక్టరుకు చూపించండి.

చేయి తీయగానే తూలడం

కిటికీ ఊచను బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పిడికిట్లో బిగిస్తే శరీరం బరువు దాని మీదే వేలాడుతుంది. నిలబడే కాలు పని నేర్చుకోదు. నడుము ఎత్తున్న పిట్టగోడ కానీ, గోడకు గట్టిగా బిగించిన జీఐ పైపు కానీ నయం. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, పక్కకు ఒరుగుతుంది. చేయి భుజానికి కాస్త ముందు ఉండాలి, మోచేయి వదులుగా, వేళ్లూ బొటనవేలూ పైనే ఆనించి. ప్రతి వరుస చివరి రెండు లెక్కలకు వేళ్లు లేపండి. తూలితే బరువు మడమ మీదికి పోయిందేమో చూసుకోండి.

టాండులో (పాదాన్ని నేల మీద జార్చి కాలు చాచడం) వేళ్లు ముడుచుకోవడం, అరికాలు పట్టేయడం

పాదం నేల మీద జరగకుండానే చివరికి చేరిపోతోంది. ముందు మడమ లేవాలి, తర్వాత వేళ్ల మొదళ్లు, ఆఖరున వేళ్లు సాగాలి. ముందుకు పోయేటప్పుడు మడమ దారి చూపాలి, వెనక్కి వచ్చేటప్పుడు వేళ్లు. పట్టేస్తే ఆపి పిసకండి, ఓర్చుకుని చేయడంలో లాభమేం లేదు.

కాలు ఎత్తితే తుంటి కూడా లేవడం

కాలు కిందికి దించండి. ఫోటోలో ఎత్తు బాగుంటుంది నిజమే, కానీ తుంటి కదలని ఎత్తే మీ ఎత్తు.

ఇంట్లో ఇదంతా బండల మీదే చేసుకోవచ్చు, గెంతులు తప్ప. రాతినేల దెబ్బను మింగుకోదు, పిక్కలకూ మోకాళ్లకూ తగులుతుంది. గెంతులు క్లాసులోని చెక్కనేలకే ఉంచుకోండి.