స్వీడన్‌లో ఒక సెమిస్టర్: త్రీ-టూలో వెళ్లి, క్రెడిట్లతో సహా తిరిగి రావడం ఎలా?

స్వీడన్ వెళ్తున్నానని చెప్పగానే మా పెదనాన్న అడిగిన మొదటి మాట, "ఎంఎస్‌కా? ఎంతవుతుందిరా?" ఎంఎస్ కాదు పెదనాన్నా, అయిదు నెలలే, ఫీజు ఇక్కడి కాలేజీకే కడతాం అంటే ఆయన నమ్మలేదు. ఫీజు తీసుకోకుండా ఎవడు చదువు చెప్తాడని ఆయన అనుమానం.

ఎక్స్‌చేంజ్ అంటే అదే. మీ యూనివర్సిటీకీ అక్కడి యూనివర్సిటీకీ ఒప్పందం ఉంటుంది. ఎవరి ఫీజు వాళ్లు సొంత కాలేజీలోనే కట్టుకుని అవతలి చోట చదువుతారు. ఒప్పందం లేకుండా మన అంతట మనమే వెళ్తే మాత్రం పూర్తి ట్యూషన్ ఫీజు పడుతుంది. 2011 నుంచి స్వీడన్ యూరప్ బయటివాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది.

నేను వెళ్లింది లుండ్‌కి. దేశానికి దక్షిణ కొసన ఉన్న చిన్న ఊరు, 1666లో పుట్టిన యూనివర్సిటీ. కింద రాసినవాటిలో చాలావరకు అక్కడివే. ఉప్సాలాకో స్టాక్‌హోమ్‌కో వెళ్లేవాళ్లకైనా కాగితాల పని మాత్రం ఇదే.

ముందు ఏ సెమిస్టరో తేల్చుకోండి

అక్కడ ఆటమ్ సెమిస్టర్ ఆగస్టు ఆఖర్లో మొదలై జనవరి మధ్య దాకా సాగుతుంది. స్ప్రింగ్ జనవరి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా. బీటెక్ వాళ్లు ఫోర్-వన్‌లో, అంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో వెళ్తే క్యాంపస్ ప్లేస్‌మెంట్లు చేజారిపోతాయి. పైగా జనవరి దాకా అక్కడే ఉంటే ఇక్కడ ఫోర్-టూ మొదలైపోతుంది. అందుకే నా ఓటు త్రీ-టూకి, అంటే అక్కడి స్ప్రింగ్‌కి.

ఇంకో కారణం వెలుతురు. డిసెంబరులో లుండ్‌లో పగలు ఏడు గంటలే, మధ్యాహ్నం మూడున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆటమ్‌లో వెళ్లినవాళ్లకి రోజురోజుకీ చీకటి ముదురుతుంది. జనవరిలో దిగితే రోజూ నాలుగు నిమిషాలు కలిసొచ్చినట్టు ఉంటుంది. జూన్ వచ్చేసరికి రాత్రి పదింటికి కూడా కిటికీలోంచి వెలుగే.

నామినేషన్

నామినేషన్ అంటే మీ పేరుని అక్కడి యూనివర్సిటీకి పంపడం. ఇది మీ యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫీసు పని. స్వీడన్‌లో ఏయే యూనివర్సిటీలతో ఒప్పందం ఉందో, మీ బ్రాంచికి సీటు ఉందో లేదో అడగండి. స్ప్రింగ్‌కి వెళ్లాలంటే అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుకల్లా పేరు వెళ్లిపోవాలి, కాబట్టి టూ-టూ అయిపోయే లోపే ఆ ఆఫీసు గుమ్మం తొక్కండి. బ్యాక్‌లాగ్ ఉంటే సాధారణంగా పంపరు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ప్లస్ నిధులతో వచ్చే సీటు ఏమైనా ఉందా అని కూడా అడగండి. ఉంటే ప్రయాణ ఖర్చూ నెలనెలా కొంత భత్యమూ వస్తాయి.

కోర్సులు: ఇక్కడ తొందరపడకండి

సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్ యూనివర్సిటీలు వాడే క్రెడిట్ లెక్క). మామూలుగా ఒక్కో కోర్సు ఏడున్నర, అంటే నాలుగు కోర్సులు. మన లెక్కన నాలుగే సబ్జెక్టులా అనిపిస్తుంది కానీ, అక్కడ ఒకటిన్నర క్రెడిట్ అంటే ఒక వారం, అంటే 40 గంటల పని. క్లాసులో ఉండేది వారానికి పది పన్నెండు గంటలే కావచ్చు, మిగిలినదంతా మీరు చదువుతారన్న నమ్మకం మీద నడుస్తుంది. లుండ్ ఇంజినీరింగ్‌లో సెమిస్టర్‌ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండేసి కోర్సులు పెడతారు. మార్చిలో రెండింటికి పరీక్షలు రాసేసి, తర్వాతి రెండూ మొదలుపెడతారు. కొన్ని విభాగాల్లో అయితే ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కసారికి ఒక్క కోర్సే.

నాలుగు కావాలంటే ఏడు ఎంచుకోండి. ప్రతిదానికీ సిలబస్ దించుకుని, ఇక్కడ మీరు వదిలేసే సబ్జెక్టుల పక్కన పెట్టి, మీ హెచ్‌ఓడీ దగ్గర సంతకం చేయించుకోండి. దాన్నే లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. వెళ్లాక ఏ కోర్సు మార్చినా కొత్తగా ఆమోదం తీసుకోవాలి, అదీ రాతపూర్వకంగా.

నాకు ఇక్కడే దెబ్బ తగిలింది. వెళ్లాక చూస్తే నా రెండు కోర్సుల క్లాసులు ఒకే టైమ్‌లో పడ్డాయి. ఒకటి మార్చుకున్నాను. కాలేజీకి ఫోన్ చేస్తే హెచ్‌ఓడీ సార్ "పర్లేదమ్మా, కానివ్వు" అన్నారు. నేను కానిచ్చాను. జూన్‌లో తిరిగొచ్చేసరికి ఆ సీట్లో వేరే సార్ ఉన్నారు. "ఈ కోర్సుకి మన దగ్గర సమానమైనది లేదే" అని ఫైలు పక్కన పెట్టారు. ఆ ఒక్క "పర్లేదమ్మా" ఖరీదు ఫోర్-వన్‌లో నేను అదనంగా రాసిన ఒక సబ్జెక్టు. ఈమెయిల్‌లో రెండు లైన్లు ఉండుంటే సరిపోయేది.

డబ్బు, రెసిడెన్స్ పర్మిట్

మూడు నెలలు దాటితే టూరిస్టు వీసా చాలదు, రెసిడెన్స్ పర్మిట్ కావాలి. స్వీడన్ మైగ్రేషన్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. అడ్మిషన్ లెటర్, పాస్‌పోర్టు, ఆరోగ్య బీమా, డబ్బు చూపించే కాగితాలు పెట్టాలి. నెలకు ఎంత చూపించాలో ఏటా మారుతుంది, 2024లో అది 10,314 స్వీడిష్ క్రోనా. ఒక క్రోనా ఈ మధ్య సుమారు ఎనిమిది నుంచి పది రూపాయల దాకా తిరుగుతోంది కాబట్టి, అయిదు నెలలకి నాలుగు నుంచి అయిదు లక్షల రూపాయలనుకోండి. కొత్త అంకె ఏజెన్సీ సైట్‌లో చూసుకోండి.

మన ఇళ్లలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. నాన్న ఖాతాలో డబ్బుంది, అఫిడవిట్ రాసిస్తే చాలనుకుంటారు. చాలదు. డబ్బు మీ సొంత పేరున ఉన్న ఖాతాలోనే ఉండాలి. స్టూడెంట్ ఖాతా లేకపోతే ఇవాళే తెరవండి.

బీమా గురించి భయపడక్కర్లేదు. ఎక్స్‌చేంజ్ విద్యార్థులకి చాలా యూనివర్సిటీలు ప్రభుత్వ సంస్థ ద్వారా బీమా తీసి పత్రం పంపిస్తాయి. ఏడాదిలోపు ఉండేవాళ్లకి పర్మిట్ కోసం అది అవసరం. వేలిముద్రలకీ అసలు పాస్‌పోర్టు చూపించడానికీ రాయబార కార్యాలయం చెప్పిన చోటికి స్వయంగా వెళ్లాలి. పర్మిట్ కార్డు చేతికొచ్చే దాకా, తిరిగి డబ్బులివ్వని టికెట్ మాత్రం కొనకండి.

గది

అడ్మిషన్ మెయిల్ వచ్చిన రోజే యూనివర్సిటీ హౌసింగ్‌కి దరఖాస్తు పెట్టండి. రేపు చూద్దాం అన్నారంటే అంతే సంగతి, లుండ్‌లో గదుల కొరత ఎప్పుడూ ఉండేదే. ఎక్స్‌చేంజ్ వాళ్లకి ఎక్కువగా దొరికేది కారిడార్ గది: సొంత గది, పదిమందికి ఒకే వంటిల్లు. అద్దె నాలుగు వేల నుంచి ఆరు వేల క్రోనా దాకా. ఫేస్‌బుక్‌లో ఎవరో తాళాల ఫొటో పెట్టి అడ్వాన్సు పంపమంటే పంపకండి.

పెట్టెలో ఏం పెట్టాలి

అమ్మలు చికెన్ పచ్చడి, నెయ్యి పెడతామంటారు. ఈ రెండూ వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల ఉత్పత్తులు యూరప్‌లోకి తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకూ వద్దు, తాజా ఆకులకి మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి, కందిపొడి నిశ్చింతగా పెట్టుకోండి. బియ్యం మొయ్యకండి. పక్కనున్న పెద్ద ఊరు మాల్మోలో, మొల్లెవోంగెన్ దగ్గర ఆసియా దుకాణాల్లో బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. మూడు లీటర్ల కుక్కర్ మాత్రం తీసుకెళ్లండి, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదై ఉండాలి.

దిగిన రోజు

లుండ్‌కి దగ్గరి పెద్ద విమానాశ్రయం స్వీడన్‌లో లేదు, డెన్మార్క్‌లో ఉంది. కోపెన్‌హాగన్‌లోని కాస్ట్రప్‌లో దిగి, అక్కడే కింద రైలెక్కితే 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా నలభై నిమిషాల్లో లుండ్. వంతెన దాటగానే పోలీసులు పాస్‌పోర్టు చూడొచ్చు, పెట్టె అడుగున పడేయకండి. యూనివర్సిటీ అరైవల్ డే ఏ రోజో చూసి ఆ రోజే దిగండి. తాళాలు, వైఫై, సిమ్ అన్నీ అక్కడే తేలిపోతాయి.

ఇక బ్యాంక్‌ఐడీ బాధ. స్వీడన్‌లో పనులన్నీ మన ఆధార్ లాంటి పర్సనల్ నంబరు చుట్టూ తిరుగుతాయి. ఏడాదిలోపు ఉండేవాళ్లకి ఆ నంబరు రాదు. నంబరు లేకపోతే బ్యాంక్‌ఐడీ (ఆన్‌లైన్‌లో మీరెవరో రుజువు చేసే గుర్తింపు) లేదు, అది లేకపోతే స్విష్ లేదు. స్విష్ అంటే మన ఫోన్‌పే లాంటిదే. నలుగురు కలిసి తిన్నాక అందరూ ఫోన్లు తీస్తే మీరు నోట్లు తీస్తారు, వాటిని తీసుకోవడానికి ఎవరికీ చేతులు రావు. చాలా కొట్లలోనూ నోట్లు తీసుకోరు. అందుకే మంచి ఫారెక్స్ కార్డు ఒకటి, ఇంకో బ్యాంకుది రెండోది పెట్టుకోండి.

క్లాసులో

మొదటి క్లాసు పదింటికని టైమ్‌టేబుల్‌లో ఉంది. మన అలవాటు కొద్దీ పదినిమిషాల ముందే వెళ్లి కూర్చున్నాను. పదయింది, ఎవరూ లేరు. పదీ అయిదు. తప్పు గదేమోనని సంచి సర్దుకుంటుంటే ఒక్కొక్కరూ రావడం మొదలైంది. సరిగ్గా పదింపావుకి ప్రొఫెసర్ పాఠం ఎత్తుకున్నారు. దాన్ని అకడమిక్ క్వార్టర్ అంటారు: పది అని రాస్తే పదింపావు. అయితే ఇది క్లాసులకే. డాక్టరు అపాయింట్‌మెంటుకో గ్రూపు మీటింగుకో పావుగంట ఆలస్యంగా వెళ్తే మొహం మీద ఏమీ అనరు కానీ, గుర్తుపెట్టుకుంటారు.

ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలి. సార్ అంటే ఆయనే ఇబ్బంది పడతాడు. నాకు మార్చి దాకా నోరు తిరగలేదు; పేరు లేకుండా "ఎక్స్‌క్యూజ్ మీ"తో నెట్టుకొచ్చాను. పరీక్షలు నాలుగైదు గంటలుంటాయి, లోపలికి అరటిపండు, శాండ్‌విచ్ తీసుకెళ్లొచ్చు. కానీ చాలా పరీక్షలకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. గడువు దాటితే హాల్లోకి రానివ్వరు.

వంటిల్లు

స్నేహాలన్నీ ఇక్కడే. రెండో రోజు పప్పు తాలింపు కోసం ఎండుమిర్చి నూనెలో వేశాను. అర నిమిషంలో కారిడార్ అంతా దగ్గులు, ఇంకో అర నిమిషానికి ఫైర్ అలారం. ఒక స్వీడిష్ అబ్బాయి ఏమీ అనకుండా వచ్చి కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసి, పొగ తగ్గాక కుక్కర్ వంక చూసి "ఇదేమిటి" అన్నాడు. అందరికంటే ముందు పరిచయమైంది వాడే. కాబట్టి తాలింపుకి ముందు ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి, కారిడార్ వైపు తలుపు మూయండి. ఫ్రిజ్‌లో మీ అర మీద పేరు రాసుకోండి.

బయట మనుషుల కోసం నేషన్‌లో చేరండి. ఇవి పాత విద్యార్థి సంఘాలు, లుండ్‌లో పదమూడు ఉన్నాయి. చవగ్గా భోజనాలు పెడతారు, పాటల పుస్తకాలు పట్టుకుని పాడుకుంటూ తినే విందులు చేస్తారు. ఊరికే కూర్చుంటే ఎవరూ పలకరించరు. నేషన్ వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికి పేరివ్వండి, రెండు వారాల్లో అందరూ పలకరిస్తారు.

తిరిగొచ్చే ముందు

చివరి మార్కులు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ట్రాన్స్‌క్రిప్ట్ ఎలా వస్తుందో, ఇక్కడ ఎవరికి చేరాలో అక్కడున్నప్పుడే రాసి పెట్టుకోండి. గది తనిఖీ కఠినంగా ఉంటుంది. ఫ్రిజ్ వెనకాల దుమ్ము కూడా చూస్తారు. శుభ్రం చేయడానికి ఒక పూట ఉంచుకోండి.

కుక్కర్ నేను వెనక్కి తేలేదు. ఆ అబ్బాయికే ఇచ్చేసి, పప్పుకి ఎన్ని విజిల్స్, అన్నానికి ఎన్ని విజిల్స్ అని కాగితం మీద రాసి, ఫ్రిజ్‌లో నా పేరున్న అర మీద అంటించి వచ్చాను.